సగం బియ్యపు గింజ

కీలుంగ్ రేవులో వాన ఎప్పుడు మొదలైందో
ఎవరూ అడగరు.
చేపముద్దలమ్మే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే
తుంగ్ యా-ఫెన్ రిపేరు గది.
కిందనుంచి కాగే నూనె వాసన, పైన స్పిరిట్ వాసన.
ఏడాదిగా నాకు రెండూ కలిసి ఒకటే వాసన.

ఆ మంగళవారం సాయంత్రం
షియే పో-యెన్ వచ్చాడు,
రెయిన్‌కోటు కంప్యూటరుకి తొడిగి
తను నిలువునా తడిసి.

విప్పి చూస్తే
అల్యూమినియం కూలరు అడుగు
టీలో ముంచిన బిస్కెట్టులా
నా వేలికే విరిగింది.
"లోహం ద్రవంగా దొరుకుతుందంటే కొన్నాను.
బాగా చల్లబరుస్తుందన్నారు కదా అని..."
తర్వాతి మాట మింగేశాడు.

యా-ఫెన్ తిట్టలేదు.
రాలిన పొడిని కాగితంలో పొట్లం కట్టి
నా జేబులో పెట్టింది.
"ఇంటికి తీసుకుపో. రోజూ చూడు."

ప్రాసెసర్ మూత మీద చెక్కిన పేరూ నంబరూ
ఆ వెండిపూత కింద చెరిగిపోయాయి.
ఇక దాని ఊరూ పేరూ ఏ కంపెనీవాడూ ఒప్పుకోడు.
ప్రాణం మాత్రం ఉంది.

"చూడ్డానికి పాదరసానికి చెల్లెలు.
విషం అంత లేదు, ఆకలి ఉంది.
అల్యూమినియం తగిలిందా,
రేణువుకీ రేణువుకీ మధ్య దూరి డొల్ల చేస్తుంది.
రాగిని నిదానంగా తాగుతుంది.
నికెల్ పూత ముందు మాత్రం
పెద్దల ఎదుట పిల్లలా కూర్చుంటుంది."
అంటూ సొరుగులోంచి
నికెల్ పూసిన రాగి కూలరు తీసింది.

ముందు ప్లగ్గు పీకింది. స్విచ్చి నొక్కిపట్టి
లోపల దాగిన చివరి గుక్క కరెంటూ కక్కించింది.
పాత మరకంతా స్పిరిట్‌తో తుడిచింది.
తర్వాత ఉంగరం తీసింది.

లోపలివైపు, బంగారంలో,
చీమ తలకాయంత తెల్లమచ్చ.
"పదకొండేళ్ళ కిందట, ఒక్క చుక్క.
అత్తగారు పెళ్ళిలో పెట్టింది.
ఆవిడ పోయేదాకా
మచ్చ అరచేతి వైపుకి తిప్పుకునే తిరిగాను."
చేతొడుగులు వేసుకుంది. మా ఇద్దరికీ ఇచ్చింది.

మూత అంచుల సందుల్లో
నువ్వుగింజల్లాంటి కెపాసిటర్లు.
వాటి మీద లోహం జారితే
కరెంటుకి అడ్డదారి దొరికినట్టే,
బోర్డు చచ్చినట్టే.
కింద అంగట్లో కొన్న రంగులేని గోళ్ళరంగు
సన్నటి కుంచెతో ఒక్కొక్కదానికీ పూసింది.
ఆరడానికి పట్టినంతసేపు టీ తాగాం.
పో-యెన్ తన గోళ్ళు చూసుకున్నాడు.

అప్పుడు సిరంజి.
ఊపిరి బిగపట్టి నొక్కింది:
సగం బియ్యపు గింజ.
"ఇంకొంచెం వేస్తే?" అన్నాడు.
"ఇంకొంచెమే బయటికి పారేది."

దూదిపుల్లతో రుద్దుతుంటే
మొదట మొండికేసింది.
ఉండ కట్టింది, పక్కకి దొర్లింది,
మళ్ళీ ఉండ కట్టింది.
రుద్దగా రుద్దగా
ఉన్నట్టుండి ఒప్పుకుంది.
మూత అద్దమైంది. అందులో ట్యూబ్‌లైటు,
ట్యూబ్‌లైటు పక్కన మా మూడు తలలు.
అంచున మిగిలిన పూసని సిరంజితోనే
వెనక్కి పీల్చేసింది.
కూలరు అడుగునా అంతే పలచన.

మరలు ఎదురెదురు మూలల్లో
అరచుట్టు, అరచుట్టు.
పెట్టెని నిలబెట్టకుండా
పడుకోబెట్టే స్విచ్చి వేసింది.

మొన్నటిదాకా తొంభై అయిదు చూపిన తెర
డెబ్బై రెండు దగ్గర ఊగి, డెబ్బై ఒకటై, నిలిచింది.
పో-యెన్ ఏదో అనబోయి తుమ్మాడు.
"ఏడాదికోసారి తీసుకురా.
ముందు ఇంటికెళ్ళి తల తుడుచుకో."

వాడిన దూదిపుల్లలు మూతగల సీసాలోకి,
చేతొడుగులు వేరే సంచిలోకి.
ఉంగరం మళ్ళీ వేలికి.
మచ్చ ఎటు తిరిగిందో ఆవిడ చూసుకోలేదు.

నేను చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.
అయినా మెట్లు దిగుతూ
అల్యూమినియం కమ్మీ పట్టుకోబోయి
ఆగిపోయాను.
వానకి తడిసి అది
మెరుస్తోంది.
గోడకి భుజం ఆనించి దిగాను.